ముందు ఏ చెవికి వచ్చింది

ఈ ఉదయం దొడ్లో మా మునిమనవరాలు బొప్పాయి ఆకు కాడ ఒకటి విరిచి, కొస గోటితో చీల్చి, బూరగా చేసి ఊదింది. దూడ అరవబోయి మధ్యలో నవ్వినట్టు ఒక మోత. ఇంట్లో అందరి తలలూ ఒక్కసారిగా దొడ్డి వైపు తిరిగాయి. నా తల మాత్రం వీధి వాకిలి వైపు తిరిగింది. డెబ్భై ఏళ్లు దాటినా ఈ పొరపాటు నన్ను వదల్లేదు. పిల్ల పరుగెత్తుకొచ్చి ఆ కాడ నా ముక్కు కింద పెట్టింది. విరిచిన చోట పాలు కారుతున్నాయి. ఆ పచ్చి చేదు వాసన తగలగానే పెద్దత్త గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం తక్కువ మాట. వచ్చి పక్కన కూర్చుని, నేను ఎటు తిరిగానో చూసి పకపకా నవ్వింది.

పెద్దత్త అంటే మా అత్తగారికి అక్క. పేరు తిరుమలమ్మ. ఆమెను మంచి వయసులో కళ్లారా చూసినవాళ్లు మా సింగానల్లూరులో ఇప్పుడు నేను కాక ఇద్దరో ముగ్గురో మిగిలారు. కనుక ఆమె ఎలా ఉండేదో ముందు చెప్పాలి. పొడుగు మనిషి. వాకిట్లోంచి లోపలికి రావాలంటే తల వంచాల్సిందే. నడి వయసులో భర్త పోతే చెల్లెలి ఇంటికి వచ్చి, ఆ ఇంటి చేనును తన చేనుగా చూసుకుంది. నవ్వు ముందు వచ్చేది, నవ్వించే మాట ఆ వెనక వచ్చేది. ఒక్కోసారి నవ్వి నవ్వి మాట సంగతే మరిచిపోయేది. దేన్నయినా ఒకసారి పట్టుకుంటే, అది ఎందుకు అలా ఉందో తేలేదాకా వదిలేది కాదు. "ఏంటికి?" అన్నది ఆమెకు ఊతపదం. ఎద్దు ఒక కాలు ముందు మడిచి ఎందుకు పడుకుంటుంది, వాన వాసన వానకు ముందే ఎందుకు వస్తుంది, ఇలా. ఊళ్లో వాళ్లు ఆమెను "ఏంటికమ్మ" అని వెనక అనుకునేవాళ్లు. ఆమెకు తెలుసు. మొహం ముందే అనమనేది.

నేను పుట్టింది మదురై సీమలో, ఆండిపట్టి దగ్గర. పదహారో ఏట పెళ్లయితే, పళని మీదుగా వారం రోజులు ఎద్దుబండిలో నన్ను ఇక్కడికి తీసుకొచ్చారు. అప్పటికి కుంఫిణీ దొరల కాలం. కోయంబత్తూరుకు పొగబండి వస్తుందని చెబితే పిచ్చివాళ్లనేవారు. ఆ చోటికీ ఈ చోటికీ నేల నలుపు ఒకటే, జొన్న ఒకటే, ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటే, గడప దాటగానే అరవంలోకి మారిపోవడమూ ఒకటే. నేను సుఖంగానే ఉంటాననుకున్నాను. నెల తిరగకముందే తెలిసింది, ఈ ఇంట్లో నాకు ఒక పెద్ద దోషం ఉందని. పిలిస్తే నేను తప్పు వైపు తిరుగుతాను.

ఒక రోజు సంగతి చెబుతాను. సూలూరు నుంచి చుట్టాలు వచ్చి పడసాలలో కూర్చున్నారు. నేను వాళ్ల ఎదుట నిలబడి ఉన్నాను. వంటింట్లోంచి మా అత్త "అమ్మణీ, ఇట్లా రా" అని పిలిచింది. మా సీమలో ఆడపిల్లలను ప్రేమగా అలా అంటారు. వంటిల్లు నాకు ఎడమ పక్క. నేను కుడి పక్కకు తిరిగి, గబగబా పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాను. అక్కడ అత్త లేదు. గేదె ఉంది. చుట్టాలు నవ్వారు. వాళ్లలో ఒకామె, "గేదె పిలిచిందేమో" అంది. ఆ సాయంత్రం మా అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె చెడ్డది కాదు. నలుగురిలో తలవంపులయితే తట్టుకోలేని మనిషి.

"పిలిచిన పక్క చూడనిది, రేపు చెప్పిన మాట వింటుందా?" అని మా ఆయనతో అంది. "ఇది పొగరు. నేను పిలిస్తేనే ఇట్లా చేస్తా ఉంది. జొన్న కోతలు కానీ, ఆండిపట్టిలో దించి వద్దాం. బుద్ధొస్తే వాళ్లే తెచ్చి విడుస్తారు."

తలుపు వెనక నుంచి అంతా విన్నాను. వినడంలో నాకే లోటూ లేదు. అదే నాకూ అర్థం కాని సంగతి. అప్పటిదాకా నేను అనుకున్నది ఏమిటంటే, పిలుపు వినబడితే అందరూ చుట్టూ చూస్తారు, పిలిచినవాళ్లను కళ్లతో వెతికి పట్టుకుంటారు, నేను ఆ వెతకడంలో కాస్త మందం. శబ్దానికి ఒక వైపు అంటూ ఉంటుందని, చూడకుండానే అది తెలిసిపోతుందని, నాకు ఎవరూ చెప్పలేదు. అందరికీ ఉన్న దాన్ని గురించి ఎవరు చెబుతారు?

ఆ మాట విన్న పెద్దత్త మర్నాడు మా అత్త దగ్గరకు వచ్చి, "కోతలయ్యేదాకా కోడల్ని నాకు ఇయ్యి. చేని కాపలాకు ఇంకో మనిషి కావాల" అంది. అక్క మాట కాదనలేక మా అత్త సరేనంది. నేను కూడు మూట పట్టుకుని, బిక్కమొగంతో, పెద్దత్త వెనక చేనికి నడిచాను.

మా జొన్న చేను నడుమ నాలుగు గుంజల మీద వేసిన మంచె. పైకెక్కితే జొన్న వెన్నులు పాదాల కింద ఊగుతుంటాయి. దిగితే మనిషి నిలువునా మునిగిపోతాడు, రెండు బారల అవతల ఏముందో కనబడదు. పెద్దత్త ఒళ్లో మట్టి ఉండల గుట్ట, చేతిలో వడిసెల. రామచిలుకల గుంపు ఎక్కడ వాలినా, ఆకుల మాటున ఒక్క ముక్కు వెన్నును ఒలిచిన చప్పుడైనా, తల తిప్పకుండానే ఉండ వదిలేది. చిలుక మీదికి కాదు, దాని పక్క ఆకు మీదికి. గుంపంతా కేకలు పెడుతూ లేచిపోయేది. "పావం, దానికీ కడుపుంది. బెదిరిస్తే చాలు" అనేది.

మొదటి రోజు మధ్యాహ్నం ఆమె నన్ను, "ఇప్పుడు టిక్కుమన్నదే, అది యాడ?" అని అడిగింది. నేను వెంటనే చూపించాను. ఇంకోసారి అడిగింది. మళ్లీ సరిగ్గా చూపించాను. మూడోసారి అడిగేటప్పుడు ఆమె కళ్లు మూసుకుని, మొహం ఆకాశం వైపు పెట్టింది. అంతవరకూ నేను చేస్తున్నదల్లా ఆమె కళ్లు ఎటు పోతున్నాయో చూసి అటు వేలు చూపించడం. పుట్టింట్లో అలాగే నెట్టుకొచ్చాను, అది దొంగతనమని కూడా తెలియకుండా. గుడ్డిగా ఒక వైపు చూపించాను. ఆమె ఒక కన్ను తెరిచి నా వేలును చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె పకపకా నవ్వింది. ఆ వెంటనే నవ్వు ఆపి, నా వైపు తిరిగింది.

"చిన్నప్పుడు జబ్బేమన్నా చేసిందా, అమ్మణీ?"

"ఆరో ఏట గవదబిళ్లలు వచ్చినాయంట. ఎడమ పక్క మొహమంతా బూరెలా పొంగిందంట. తగ్గిపోయింది."

"తగ్గింది సరి. పోతా పోతా ఏమి తీసుకుపోయిందో చూడొద్దా?" అని, మళ్లీ వడిసెల చేతిలోకి తీసుకుంది.

మర్నాడు ఇంటి దొడ్లో బొప్పాయి కాడలు రెండు, మా ఆయన చెయ్యంత పొడుగువి, కోసి ఎండలో పడేసింది. అవి వాడి మెత్తబడ్డాక ఒకదాని కొసను ఇంకోదానిలో దూర్చి, అతుకు మీద మైనం రాసింది. అది ఒక పొడుగాటి గొట్టమైంది. వంచితే మెడ వెనక దండలా వంగుతుంది. అన్నాలయ్యాక అందరినీ పడసాలలో కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టింది. గొట్టం తల వెనక నుంచి వేసుకుని, రెండు కొసలూ రెండు చెవులకు ఆనించుకోవాలి. వెనక నిలబడి ఆమె గొట్టం మీద ఎక్కడో ఒకచోట గోటితో టక్కుమని కొడుతుంది. ఏ పక్క కొట్టిందో చెప్పాలి. చెప్పినవాళ్లకు బెల్లం ముక్క.

మొదట మా ఆయన కూర్చున్నారు. అతుకుకు కుడి పక్కన కొడితే కుడి అన్నారు, ఎడమ పక్కన కొడితే ఎడమ అన్నారు. ఆమె కొట్టే చోటు అతుకు దగ్గరకు, ఇంకా దగ్గరకు తెచ్చింది. వేలెడు పక్కకు జరిపి కొట్టినా చెప్పారు. సరిగ్గా అతుకు మీద కొడితే, "ఇది తల నడుమ మోగినట్టుందే" అని ఆశ్చర్యపోయారు. తరువాత మా అత్త. వద్దు వద్దంటూనే కూర్చుని, నాలుగు బెల్లం ముక్కలు గెలిచి, చిన్నపిల్లలా మురిసిపోయింది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వడం నేను చూడడం అదే మొదలు.

ఆ తరువాత నన్ను కూర్చోబెట్టారు. టక్. "కుడి" అన్నాను. టక్. "కుడి." టక్. "కుడి." ఎక్కడ కొట్టినా నాకు కుడి పక్కే మోగుతోంది. మా అత్త నవ్వు ఆగిపోయింది. "చూసినావా అక్కా? ఆటలో కూడా మొండితనమే" అంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెద్దత్త నా కుడి చెవి దగ్గర గొట్టం కొసను బొటనవేలితో మూసేసి, ఎడమ కొస పక్కనే గోటితో కొట్టింది.

"ఇప్పుడు ఏ పక్క?"

"కొట్టినారా, పెద్దత్తా?"

ఆమె ఇంకోసారి కొట్టింది, మరోసారి కొట్టింది. గోరు పడడం ఎదురుగా నిలబడిన మా ఆయన చూస్తున్నారు. నాకేమీ వినబడలేదు. పదేళ్లుగా నా ఎడమ చెవి చచ్చిపోయి ఉందని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. ఏడవాలో, మానాలో తెలియక అలాగే కూర్చున్నాను. పెద్దత్త నా ముందుకు వచ్చి గొంతుకూర్చుంది. ఆమె కళ్లు కూడా తడిగా ఉన్నాయి. కానీ పెదవుల మీదికి నవ్వు వచ్చేస్తోంది, ఆపుకోలేకపోతోంది.

"అరవోళ్లు చెవిని ఏమంటారే?"

"కాదు అంటారు."

"అదే మరి! నీ ఎడమ చెవి అరవ చెవి. ఏమడిగినా 'కాదు' అంటా ఉంది."

ముందు మా ఆయన నవ్వారు. తరువాత నేను. ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. మా అత్త మాత్రం నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, తాను గెలిచిన నాలుగు బెల్లం ముక్కలూ తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

అంతటితో ఆగితే ఆమె ఏంటికమ్మ ఎందుకవుతుంది? "ఒక చెవి పోతే వినికిడి సగం కావాల గదా, దిక్కు పూర్తిగా ఏంటికి పోయింది?" అని పట్టుకుంది. మా ఆయన, "దగ్గరి చెవికి గట్టిగా వినబడుతుంది, దూరం చెవికి మెల్లగా. ఆ తేడా చూసి చెబుతాం. ఒకటే ఉంటే తేడా ఎట్లా తెలుస్తుంది, పెద్దమ్మా?" అన్నారు. ఆమె గొట్టం చేతిలోకి తీసుకుంది.

"తలకాయ అడ్డం వస్తే అదీ నిజమే. కానీ ఈ గొట్టంలో తలకాయ లేదే. నేను కొట్టింది నడుమకు వేలెడు పక్కన. ఇంత గొట్టంలో వేలెడు నడకకు సద్దు బక్కచిక్కిపోతుందా? రెండు చెవులకూ ఒకే బలంతో వస్తుంది. మరి తేడా ఏముంది? ఒకటి ముందొచ్చింది, ఇంకోటి వెనకొచ్చింది. అంతే. ముందు ఎవరొచ్చినారో తల లోపల ఎవరో కూర్చుని చూస్తా ఉన్నారు."

"కనురెప్ప కొట్టేంత సేపు కూడా ఉండదే అది!"

"కనురెప్ప సోమరిదిరా. చెవి అట్లా కాదు."

అక్కడితో కూడా వదల్లేదు. ఒక పక్క ఇంకో జానెడు కాడ అతికి గొట్టాన్ని పొడుగు చేసింది. అందరినీ మళ్లీ కూర్చోబెట్టి, తల నడుమ మోగే చోటు ఎక్కడికి జరిగిందో చెప్పమంది. ఒక్కొక్కరు చెప్పిన చోట సున్నంతో చుక్క పెట్టింది. తరువాత గొట్టం పొడుగు గడ్డిపరకతో కొలిచి, పరకను సగానికి మడిచి పక్కన పెట్టింది. చుక్కలన్నీ ఆ మడత చుట్టూ వేలెడంత మేరలోనే ఉన్నాయి. ఆమె లేచి చప్పట్లు కొట్టి పడసాలలో ఒక చుట్టు తిరిగింది. అంత పెద్ద మనిషి అంత సంబరపడడం నేను మళ్లీ చూడలేదు. దాంతో ఆమెకు ఒరిగిందేమీ లేదు. తెలిసింది, అంతే.

ఆ మర్నాటి నుంచి మా అత్త నన్ను పిలవాలంటే ఎంత దూరమున్నా నడిచి వచ్చి, నా కుడి పక్కన నిలబడి పిలిచేది. అయితే చెవిటిదానితో మాట్లాడినట్టు గొంతు చించుకుని అరిచేది. "అత్తా, ఈ చెవి బాగానే ఉంది" అంటే, "ఉంటే ఉండనీ, దీన్నయినా కాపాడుకోవద్దా?" అని ఇంకా గట్టిగా అరిచేది. ఆండిపట్టి ప్రయాణం మాట మళ్లీ ఎత్తలేదు.

పెద్దత్త నన్ను మంచె మీది నుంచి దింపలేదు. ఉన్న ఒక్క చెవితో బతకడం ఎలాగో నాతో పాటు తానూ నేర్చుకుంది. అవును, తన ఎడమ చెవిలో దూది కుక్కుకుని, నాలాగా అయి, రోజంతా తిరిగేది. మొదటి రోజు వేసిన ప్రతి ఉండా తప్పు వైపు పోయింది. చిలుకలు ఆమె పక్కనే కూర్చుని తిన్నాయి. ఆమె నవ్వి నవ్వి మంచె గుంజ పట్టుకుంది. నాలుగైదు రోజులకు దారి దొరికింది. తలను చేటలో గింజలు చెరిగినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. చెవి ఎటు తిరిగినప్పుడు గట్టిగా, తేటగా వినబడితే సద్దు అటు ఉందన్నమాట. కానీ దానికి సద్దు మళ్లీ మళ్లీ రావాలి.

"ఒక్క చెవోళ్లకు ఒక్క పిలుపు చాలదమ్మణీ. 'ఇంకోసారి పిలవండి' అని అడుగు. అడిగేదానికి సిగ్గేంటికి? చెవి పోయింది గానీ నోరు పోలేదే."

సద్దుల్లో కూడా రకాలున్నాయని ఆమె దగ్గరే తెలుసుకున్నాను. ఓ... అని సాగదీసిన కేక కంటె టక్కుమనే చప్పుడుకు దిక్కు బాగా తెలుస్తుంది. దానికి మొదలు తేటగా ఉంటుంది, ఏ చెవికి ముందొచ్చిందో తల సులువుగా పట్టుకుంటుంది. డేగ వచ్చినప్పుడు చిన్న పిట్టలు సన్నగా, సాగదీసి, మొదలూ తుదీ లేకుండా ఈల వేస్తాయి. అది ఎక్కడి నుంచో రెండు చెవులున్న ఆమెకే తెలిసేది కాదు. "చూసినావా దాని తెలివి! డేగ వచ్చిందని అందరికీ చెప్పింది, తానెక్కడుందో డేగకు చెప్పలేదు" అని మురిసిపోయేది. సూలూరు బాటలో పోయే తపాలా మనిషి కర్రకు గజ్జెలుండేవి. జొన్నల మాటున ఆయన ఎటు నుంచి ఎటు పరుగెత్తుతున్నాడో ఆయన కనబడేలోపు నేను చెప్పాలి. ఈ సంగతి ఎలాగో ఆయనకు తెలిసింది. అప్పటి నుంచి మా చేను దగ్గరకు రాగానే నా కోసం కర్రను రెండుసార్లు ఎక్కువ ఆడించేవాడు.

నాకు కొంచెం వచ్చాక కొంచెం గర్వం కూడా వచ్చింది. ఒక పొద్దున చేని లోపల గరగరమని చప్పుడైంది. అడవిపంది అనుకున్నాను. తల తిప్పి తిప్పి దిక్కు పట్టుకుని, ఈసారి మట్టి ఉండ వద్దని రాయి తీసుకుని వడిసెల ఎత్తాను. పెద్దత్త నా మణికట్టు పట్టుకుంది. అంత గట్టిగా ఆమె నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు.

"పేరడిగినావా?"

"ఎవరదీ?" అని అరిచాను. జొన్నల్లోంచి పక్క చేని ముసలమ్మ, తలమీద గడ్డిమోపుతో, నన్ను అరవంలో ముద్దుగా పిలుస్తూ, "నేనే, కణ్ణు. గడ్డి కోస్తా ఉండా" అంది. నా చేతిలోంచి రాయి జారిపోయింది. పెద్దత్త తిట్టలేదు. "చెవి దిక్కు చెబుతుంది, పేరు చెప్పదు. అది మనమే అడగాల" అంది. అంతే.

మరుసటి ఏడు చేను ఇంకా ఏపుగా పెరిగింది. ఒక మధ్యాహ్నం గేదె ఒకటి కట్టు తెంపుకుని చేనిలో పడితే, పెద్దత్త దాని వెనక వెళ్లింది. గేదె తిరిగి వచ్చింది, ఆమె రాలేదు. నేను మంచె మీది నుంచి పిలిచాను. పలుకు లేదు. ఇంటికి పరుగెత్తి చెబితే మా ఆయన, మా అత్త, పాలేళ్లు, ఇరుగుపొరుగు అందరూ వచ్చారు. తూర్పున నల్లగా మబ్బు కమ్ముకుంటోంది, గాలి లేచింది. ఆ చేనిలో ఎప్పటివో ధాన్యం పాతరలు ఉన్నాయని మా ఆయనకు తెలుసు. భూమిలో తవ్వి, గింజ నింపి, పైన కప్పేసిన గోతులు. కప్పు కుళ్లిపోయి ఉంటే అడుగు పడగానే కూలుతాయి. వాన పడి నల్లమట్టి ఉబ్బితే గోడలు విరిగి మీద పడతాయి. "పెద్దమ్మా!" అని ఒకరు, "అక్కా!" అని ఒకరు, తలా ఒక వైపు అరుస్తూ జొన్నల్లో పడ్డారు. ఒకరి అరుపు విని అది ఆమేననుకుని ఇంకొకరు అటు పరుగెడుతున్నారు.

నేను మంచె ఎక్కాను. కాపురానికొచ్చి ఏడాదయిన కోడల్ని, ఆ రోజుల్లో అత్త ఎదుట గొంతెత్తడం ఎరగనిదాన్ని. "అందరూ అరవడం ఆపండి! యాడోళ్లు ఆడ నిలబడండి!" అని అరిచాను. ఎవరూ వినలేదు. ఇంకోసారి అరిచాను. అప్పుడు జొన్నల మధ్య నుంచి మా అత్త గొంతు లేచింది. నన్ను పిలిచి పిలిచి బలిసిన గొంతు అది.

"నోళ్లు మూయండి! మా కోడలు వింటా ఉంది!"

చేను మొత్తం ఊరుకుంది. గాలి, ఆకుల గలగల, దూరాన ఉరుము. నేను కళ్లు మూసుకుని తల మెల్లగా తిప్పాను. ఆకులు గాలికి తోచినట్టు మోగుతాయి. వాటి అడుగున ఒకటి లెక్క తప్పకుండా మోగుతోంది. రెండు చప్పట్లు, కాస్త ఆగి మళ్లీ రెండు చప్పట్లు. పేరు దొరికింది. దిక్కు దొరకలేదు. ఆ గాలిలో, ఒక్క చెవితో, ఎంత తిప్పినా రెండు చోట్ల నుంచి వచ్చినట్టే ఉంది. అప్పటికి మంచె కిందికి వచ్చి నిలబడిన మా ఆయన వైపు వంగి, "జంట చప్పట్లు. ఆకుల సద్దు వదిలెయ్యండి. రెండు, ఆగి మళ్లీ రెండు. వినండి" అన్నాను. ఆయన ఊపిరి బిగబట్టారు. నాకు ఒక యుగమైంది. ఉన్నట్టుండి ఆయన తల టక్కున ఈశాన్యం వైపు తిరిగింది. చెయ్యి చాచి, "అదిగో!" అన్నారు.

ఇద్దరం పరుగెత్తాం. నాలుగడుగులకు ఆగడం, నేను ఏ సద్దో చెప్పడం, ఆయన ఏ వైపో చూపడం. అలా పోయి పోయి ఒక గోతి అంచున ఆగాం. లోపల నడుము దాకా మట్టిలో, కాలు మడతపడి, జుట్టంతా దుమ్ముతో పెద్దత్త కూర్చుని ఉంది. గొంతు అరిచి అరిచి పోయింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. మమ్మల్ని చూసి, గొంతు లేకుండానే నవ్వింది.

"ఇద్దరూ వచ్చినారా," అంది బొంగురుగా. "సరి. ఇప్పటికి ఆలూమగలు అయినారు."

మా ఆయన తలగుడ్డ విప్పి ఆమె చంకల కింద వేసి, నేనూ ఆయనా కలిసి లాగాం. పైకి తీసి పది బారలు మోసుకొచ్చామో లేదో, వాన దబదబా పడింది. వెనక్కి చూస్తే గోతి అంచు ఒక పక్క విరిగి లోపలికి జారిపోయింది. మా అత్త ఎదురొచ్చి, అక్కను వాటేసుకుని, "ముసలితనంలో గేదె వెనక నీకు పరుగులేంటికి?" అని తిడుతూ ఏడ్చింది. పెద్దత్త, "ఏంటికి అని నువ్వు అడగడమేమే, అది నా మాట" అంది. ఆ వానలో తడుస్తూ అందరం వెర్రివాళ్లలా నవ్వాం.

ఆ తరువాత ఆమె పధ్నాలుగేళ్లు బతికింది. కాలు కొంచెం ఈడ్చేది, మంచె మాత్రం మానలేదు. నా పిల్లలు ఆమె ఒళ్లోనే పెరిగారు. నాకు అక్షరాలు రావాలని పట్టుబట్టింది కూడా ఆమే. తనకు రావు, నాకు నేర్పమని మా ఆయనను పోరింది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అందువల్లనే. ఒక వేసవి పొద్దున, ఎవరికీ కష్టం లేకుండా, నిద్రలోనే పోయింది. ఊరు ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లు ఆమె గురించి ఏదో ఒకటి చెప్పబోయి నవ్వేశారు. చావింట్లో అంత నవ్వు నేను ఇంకెక్కడా వినలేదు. అది ఆమెకు తగిన వీడ్కోలే అనుకున్నాను.

ఆమె నుంచి నాకు మిగిలింది వడిసెల విసరడం కాదు. చెయ్యి ఆడక ఏళ్లయింది. తప్పు వైపు తిరిగిన మనిషిని చూస్తే, కోపం రాకముందు "ఏంటికి?" అనే మాట నాలో లేస్తుంది. అంతే మిగిలింది. పోయిన వారం మా ఇంట్లో ఒక గొడవ జరిగింది. మా చిన్న మనవడి భార్య కొత్తగా వచ్చింది. చుట్టాలు వీధిలో ఎదురొచ్చినా పలకరించదని, మొహం చూసి కూడా చూడనట్టు పోతుందని, ఇంట్లో ఆడవాళ్లు మూతులు ముడుస్తున్నారు. పొగరు అన్న మాట వినబడింది నాకు. బాగానే వినబడింది, కుడి పక్కనే అన్నారు.

సాయంత్రం ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, బాట అవతలి చింతచెట్టు వైపు వేలు చూపించాను. చెట్టు నిండా కొంగలు వాలి ఉన్నాయి, నా ముసలి కళ్లకే తెల్లగా కనబడుతున్నాయి.

"ఆ చెట్టు మీద కొంగలు ఎన్ని ఉన్నాయో చెప్పమ్మణీ," అన్నాను.

ఆ పిల్ల కళ్లు చికిలించి చూసింది. నా వేలును చూసింది, మళ్లీ బాట వైపు చూసింది. భయపడుతూ అడిగింది.

"ఏ చెట్టు, అవ్వా?"

నేను ఆ పిల్లను దగ్గరకు లాక్కుని నవ్వాను. ఏంటికి నవ్వుతున్నానో తెలియక, ఆమె కూడా మెల్లగా నవ్వింది. కోయంబత్తూరులో కళ్లద్దాలు చేసి ఇచ్చేవాడు ఒకడు వచ్చాడట. రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాం. బండి కట్టమని చెప్పాను.